కష్టకాలం సరుకుల చీటీ: గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం కంచరపాలెంలో మాది మా నాన్నగారు పెట్టిన కిరాణా కొట్టు. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చోవడం మొదలుపెట్టి 27 ఏళ్లయింది. రైల్వే క్వార్టర్ల వాళ్లు, పోర్టు డ్యూటీలకి పోయేవాళ్లు, తాపీ పనికి పోయేవాళ్లు, ఈమధ్య అపార్టుమెంట్లలో దిగిన కుర్రకారు, అందరూ మా దగ్గర కొంటారు. హుద్‌హుద్ తుఫాను, నోట్ల రద్దు, లాక్‌డౌన్, నూనె మండిపోయిన 2022 అన్నీ కాటా పక్కన నిలబడే చూశాను. ప్రతిసారీ అవే మాటలు చెవిన పడతాయి. జనం ఎగబడిపోతున్నారంటారు, స్వార్థం పెరిగిపోయిందంటారు, కష్టం వస్తేగానీ మనిషి బుద్ధి బయటపడదంటారు. సుమారు 280 ఇళ్ల నెల చీటీలు నా చేతుల మీదుగా పోతాయి. ఆ చీటీల్లో నాకు కనబడింది వేరు. అది చెప్పాలనే రాస్తున్నాను.

అపోహ: దాచుకునేవాళ్ల వల్లే కొట్లు ఖాళీ అవుతాయి

2020 మార్చి 24, మంగళవారం. ఆ సాయంత్రం మా కొట్టు ముందు వరుస వీధి మలుపు దాకా పోయింది. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కింద "వీళ్లకి బుద్ధి ఎప్పుడొస్తుంది" అని రాశారు. రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించాక ఆ ఫొటో ఇంకా తిరిగింది.

ఆ వరుసలో ఉన్నవాళ్లకి సామాన్లు కట్టింది నేనే. మర్నాడు ఉగాది. ముందు నిలబడ్డ పదిమందిలో ఏడెనిమిది మంది చేతిలో ఉన్నది బెల్లం, కొత్త చింతపండు, బొబ్బట్లకి శనగపప్పు. అది పండగ బజారు. దానికి తోడు నెలాఖరు కావడంతో ఇళ్లలో డబ్బాలు ఖాళీ. మన రాష్ట్రంలో అంతకు రెండు రోజుల ముందే అన్నీ మూసేయమన్నారు కాబట్టి ఒకటో తారీకున రావాల్సిన నెల సామాను వాళ్లు కూడా వారం ముందే వచ్చేశారు. పండగ, నెలాఖరు, లాక్‌డౌన్ మూడూ ఒక్క సాయంత్రం మీద పడ్డాయి.

లెక్క చూడండి. మామూలుగా రోజుకి పది బియ్యం బస్తాలు పోయే కొట్టు మాది. 280 ఇళ్లు నెలలో తలో రోజున రావడం వల్ల పది సరిపోతాయి. అందులో 60 ఇళ్లు ఒకే రోజున వచ్చి, ఇంటికి ఒక్కటంటే ఒక్క బస్తా పట్టుకెళ్లినా నా దగ్గర ఉన్న సరుకు మధ్యాహ్నానికే అయిపోతుంది. అక్కడ దాచుకున్నవాడు ఒక్కడు కూడా ఉండనక్కర్లేదు. ఎనిమిది బస్తాలు అడిగినాయన ఒకరు వచ్చిన మాట నిజం. రెండిచ్చి పంపించాను. అలాంటివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇది మన ఒక్కరి సంగతే అనుకోకండి. ఆ మార్చిలోనే ఇంగ్లండులో పాస్తా దొరకలేదని గోలగోల అయింది. తర్వాత కాంటార్ అనే సంస్థ కొనుగోళ్ల లెక్కలు తీస్తే, పాస్తా కొన్నవాళ్లలో మరీ విపరీతంగా కొన్నది నూటికి ముగ్గురే. మిగతావాళ్లు ఒకటో రెండో ఎక్కువ వేసుకున్నారు, మామూలుకన్నా ఎక్కువసార్లు కొట్టుకి వెళ్లారు. లక్షల ఇళ్లు ఒక్కో ప్యాకెట్ ఎక్కువ తీసుకుంటే అల్మారాలు ఖాళీ కావడానికి అది చాలు.

ఇంకో సంగతి మా వ్యాపారంలో ఉన్నవాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియదు. ఇంగ్లండులో గోధుమపిండి కూడా దొరకలేదు. మిల్లుల్లో పిండికి కొదవే లేదు. అక్కడ పిండి చాలావరకు బేకరీలకి, ఫ్యాక్టరీలకి పెద్ద సంచుల్లోనూ ట్యాంకర్లలోనూ పోతుంది. కొట్లలో చిన్న ప్యాకెట్లుగా అమ్మేది నూటికి నాలుగు వంతులే. అందరూ ఇంట్లో రొట్టె చేసుకోవడం మొదలుపెట్టేసరికి చిన్న ప్యాకెట్లు కట్టే మిషన్లు చాలలేదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా గొడౌన్ కళ్లముందు కదిలింది. మా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పనిచేసేవాళ్లు, టెక్కలి వైపు వాళ్లు. మూసేస్తారని తెలియగానే ఊరెళ్లిపోయారు. కందిపప్పు 50 కేజీల గోనెలు నాలుగు లోపల అలాగే ఉన్నాయి. కేజీ, అరకేజీ కవర్లలో పోసి, తూచి, మూతి అంటించే చేతులే లేవు. అమ్మకానికి ఉన్నది ఉదయం పూట కొద్ది గంటలే. వచ్చినవాళ్లకి "పప్పు అయిపోయిందమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు ఇంటికెళ్లి "ఊళ్లో పప్పు లేదట" అన్నారు. మర్నాడు పప్పు కోసం రెట్టింపు మంది వచ్చారు. మూడో రోజు రాత్రి మా ఆవిడ, మా పాప, నేను కూర్చుని తెల్లవారుజాము మూడింటి దాకా 200 ప్యాకెట్లు కట్టాం. కాటా పళ్లెం తగిలి తగిలి మా పాప వేళ్లు ఎర్రబడ్డాయి. పొద్దున్న ఆ ప్యాకెట్లు కౌంటరు మీద కనబడేలా పేర్చాం. వచ్చినవాళ్లు వాటిని చూశారు. ఆ రోజు ఒక్కరూ రెండో ప్యాకెట్ అడగలేదు.

అపోహ: కంగారు పడనివాళ్లు కొనరు

ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. లాక్‌డౌన్ మొదటి వారంలో టీవీ చర్చల్లో "ఫలానా బస్తీల్లో జనం నిబ్బరంగా ఉన్నారు, ఎగబడలేదు" అని మెచ్చుకున్నారు. మా వెనక వీధిలో అలాంటి ఇళ్లు ముప్ఫై దాకా ఉన్నాయి. మగాళ్లు తాపీ పనికి, ఆడవాళ్లు ఇళ్లలో పనికి పోతారు. వాళ్ల చీటీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: కేజీ నూకలు, పావుకేజీ పప్పు, పది రూపాయల నూనె, ఐదు రూపాయల కారం. ఏ రోజుకారోజు కూలి డబ్బుల్తో ఏ రోజుకారోజు కొనుక్కుంటారు.

ఆ వీధి ఆవిడ ఒకామె ఆ 24 రాత్రి కొట్టు కట్టేసే వేళకి వచ్చింది. వరుస తగ్గేదాకా ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుందట. కొంగు ముడి విప్పి రెండు పది కాగితాలు కౌంటరు మీద పెట్టింది.

"అరకేజీ నూకలియ్యి బాబూ."

"అమ్మా, మూడు వారాలు మూసేస్తారంట. ఒక పది కేజీలన్నా పట్టుకెళ్లు."

"ఏటెట్టి పట్టుకెల్లమంటావు బాబూ? పనిలోకెల్తే గదా డబ్బులు."

పది కేజీలు ఖాతాలో రాసి ఇచ్చాను. అప్పటికి నాకు తోచింది అంతే. అందరూ బస్తాలు మోసుకుపోతున్నప్పుడు ఆమె పడిన భయం మా కొట్టుకొచ్చిన ఎవరి భయంకన్నా తక్కువ కాదు. ఏప్రిల్ 4న వాలంటీర్లు రేషన్ కార్డున్న ఇళ్లకి 1000 రూపాయలు తెచ్చిచ్చారు. తలకి 5 కేజీల ఉచిత బియ్యం కూడా మొదలయ్యాయి. ఆ డబ్బు చేతిలో పడిన రోజునే ఆ ముప్ఫై ఇళ్లలో సగం మంది మా కొట్టుకి వచ్చి పప్పు, నూనె, సబ్బులు ఎక్కువెక్కువ కొన్నారు. చేతిలో డబ్బు ఆడితే వాళ్లూ అందరిలాగే ముందుచూపుతో కొంటారు. ముందుగా కొనిపెట్టుకోవడానికి డబ్బు ఉండాలి, పెట్టుకోవడానికి చోటుండాలి, ఎలకలు కొట్టని డబ్బా ఉండాలి. ఒక గది ఇంట్లో అయిదుగురు పడుకునేచోట 25 కేజీల బస్తా ఎక్కడ పెడతారు?

అపోహ: గండం ఏదైనా జనం బియ్యం మీదే పడతారు

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, ఆదివారం, మన పూడిమడక దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు ముందే వచ్చాయి. అయినా శనివారం మా కొట్టులో మామూలు అమ్మకమే. అది జనం అజాగ్రత్తే అన్నారు తర్వాత. సరిగ్గా ఏడాది ముందు, 2013లో అదే తేదీన ఫైలిన్ వచ్చి ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మన పక్కకొచ్చే తుఫాన్లు పైకి పోతాయని ఊళ్లో అందరికీ ఒక నమ్మకం. నాక్కూడా ఉండేది. అందుకే నేనూ అదనంగా ఏమీ తేలేదు.

సోమవారం తెల్లారేసరికి ఏ వీధి చూసినా చెట్లు అడ్డంగా పడున్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు. మా కొట్టు రేకులు నాలుగు ఎగిరిపోయాయి. ఆ రోజు బియ్యం అడిగినవాళ్లు లేరు. మోటార్లు ఆడక నీళ్లే లేనప్పుడు అన్నం వండేదెలా? కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చి బ్యాటరీలు, బిస్కెట్లు, పాలపొడి, నీళ్ల క్యాన్లు, ఇవీ అడిగినవి. కొవ్వొత్తులు గంటలో అయిపోయాయి. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు పాలపొడి కోసం మద్దిలపాలెం నుంచి నడిచి వచ్చారు.

ఇంకొకటి కూడా ఆ వారంలోనే చూశాను. ఏటీఎంలు లేవు, కార్డు మిషన్లు లేవు. ఎప్పుడూ అప్పు అడగని బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు మొహమాటపడుతూ వచ్చి "రాసుకోండి గురువుగారూ" అన్నారు. పాత ఖాతా పుస్తకమే ఆ పది రోజులూ మా పేటకి బ్యాంకయింది. మళ్లీ 2016 నవంబరు 8న నోట్లు రద్దయ్యాక ఆ పుస్తకానికే పని పడింది.

లాక్‌డౌన్‌లో చీటీ మళ్లీ మారింది. మొదటి పది రోజులూ బియ్యం, పప్పు. ఏప్రిల్ రెండో వారం నుంచి మైదా, బొంబాయి రవ్వ, వేరుశనగ గుళ్లు, పాప్‌కార్న్ గింజలు. పిల్లలు ఇంట్లో ఉన్నారని ఆ చీటీ చూస్తేనే తెలిసిపోతుంది. జులైకి మిరియాలు, శొంఠి, లవంగాలు, పసుపు. ఎప్పుడూ వంద గ్రాములు కొనే ఇంటివాళ్లు అరకేజీ మిరియాలు అడిగితే ఆ ఇంట్లో ఎవరికో బాగోలేదని అర్థమయ్యేది. అలాంటప్పుడు నేను ఏమీ అడిగేవాణ్ని కాదు. పొట్లం కట్టి గేటు దగ్గర పెట్టించేవాణ్ని.

పైదేశాల్లో టాయిలెట్ పేపర్ కోసం కొట్టుకున్నారని మనవాళ్లు వెటకారం చేశారు. 2020 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో కత్తులు చూపించి సుమారు 600 రోల్స్ ఎత్తుకుపోయారు కూడా. అయితే వాళ్ల ఇంటి అవసరం అది. ఆఫీసుల్లో, హోటళ్లలో వాడే పెద్ద రోల్స్ వేరే తయారీ, అవి కొట్లకి రావు. అందరూ ఇంట్లో కూర్చుంటే ఇంటి రకం వాడకం పెరుగుతుంది. పైగా అది చోటు తినే సరుకు, పది కట్టలు పోతే అల్మారా అంతా బోసిపోతుంది. చూసినవాడికి గుండె గుభేలుమంటుంది.

అపోహ: పుకార్లు నమ్మేది చదువురాని వాళ్లే

2016 నవంబరులో ఉప్పు కరువొస్తోందని పుకారు పుట్టి ఉత్తరప్రదేశ్‌లో, ఢిల్లీలో కేజీ వందల రూపాయలకి కొన్నారు. నౌపడ ఉప్పు మడులు చూస్తూ పెరిగిన మన ఉత్తరాంధ్రవాళ్లకి అది వింతగానే ఉంటుంది. కానీ 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపిందనగానే, అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి కోసం వరుసలు కట్టింది మన పిల్లలే. పెద్ద పెద్ద చదువులు చదివిన పిల్లలు. ఇంటికి ఒక్క బస్తానే అని అక్కడి కొట్లవాళ్లూ బోర్డులు పెట్టారు. వాళ్లని తప్పు పట్టను. పక్కవాడు కొంటుంటే సరుకు నిజంగానే తగ్గుతుంది. కబురు అబద్ధమైనా ఆ పూటకి కొరత నిజం. చదువుకీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: ఊరికి కష్టమొస్తే కొట్లవాళ్లకి పండగ

హుద్‌హుద్ తర్వాత నీళ్లు, పాలు, కొవ్వొత్తులు రెండింతలు మూడింతలకి అమ్మినవాళ్లు ఉన్నారు. అది తప్పు. దాన్ని నేను సమర్థించను. లాక్‌డౌన్‌కి ముందే 2020 మార్చి 13న కేంద్రం మాస్కుల్ని, శానిటైజర్లని నిత్యావసరాల్లో చేర్చి, మరో వారానికి 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు దాటకూడదని ధర కట్టింది అందుకే.

ఇక లాభం మాటకొస్తే, మార్చిలో మూడు బస్తాలు కొన్నాయన ఏప్రిల్, మేలలో బియ్యానికి రాడు. అమ్మకం ముందుకి జరుగుతుందంతే. హోల్‌సేల్ వాళ్లు అప్పటిదాకా ఇచ్చే వారం గడువు ఆపేసి చేతిలో డబ్బు పెట్టమన్నారు. నేను మాత్రం ఖాతాలో రాస్తూనే ఉన్నాను. ఆ ఏడాది దసరా దాకా మా ఆవిడ గాజులు తాకట్టులోనే ఉన్నాయి.

అపోహ: సరుకు దాచుకోవడం ఈ కాలపు జబ్బు

మా నాయనమ్మ మాఘమాసం నుంచి మొదలుపెట్టేది. చింతపండు గింజ తీసి, ఉప్పు జల్లి కుండలో అదిమేది. ఎండుమిర్చి, కందులు, మినుములు ఎండబెట్టి ఏడాదికి సరిపడా పోసేది. వేసవిలో ఆవకాయ సరేసరి. పప్పులో వేపాకు, బియ్యంలో ఎండుమిరపకాయలు వేసేది. అప్పుడు దాన్ని సంసారం బాగా చేయడం అనేవాళ్లు. పంట చేతికొచ్చి ధర తగ్గినప్పుడు కొని పెట్టుకుంటే ఎవరికీ కొరత రాదు. వారం వారం ఫోనులో తెప్పించుకునే అలవాటొచ్చాక ఇళ్లలో డబ్బాలు తగ్గిపోయాయి. హెచ్చరిక రాగానే అందరూ ఒకేసారి వీధిలోకి రావడానికి అదీ ఒక కారణం. వానాకాలం చివర్లో పది రోజుల సామాను, కొవ్వొత్తులు, పాలపొడి మన ఇళ్లలో ఉండాలి. సముద్రం పక్కనున్న ఊరు మనది.

మొన్న 2025 అక్టోబరులో మొంథా తుఫాను వస్తోందన్నారు. నాలుగు రోజుల ముందే కందిపప్పు, నూకలు ప్యాకెట్లు కట్టి కౌంటరు మీద పేర్చాం. నరసాపురం దగ్గర 28 రాత్రి తీరం దాటింది, మనకి వానతో పోయింది. ఆ ముందు రోజు పొద్దున్నే, కొట్టు తెరవకముందు, మా కుర్రాడితో వెనక వీధిలో ఆ ముప్ఫై ఇళ్లకీ తలో అయిదు కేజీల నూకలు, కేజీ పప్పు, రెండు కొవ్వొత్తులు పంపించాను, ఖాతాలో రాసుకుని. ఆ తర్వాతే షట్టర్ ఎత్తాం.