చూపు ఒక పక్కకే ఉండిపోతే

ఎమర్జెన్సీలోకి వచ్చేవాళ్లలో ముందు ఎవరిని చూడాలో తేల్చే పనిని ట్రయాజ్ అంటారు. ఆ పనిలో ఉన్న నర్సు ముందు ఇద్దరున్నారనుకుందాం. ఒకాయన కిడ్నీలో రాయితో మెలికలు తిరిగిపోతూ అరుస్తున్నాడు. ఇంకొకాయన వీల్‌చైర్‌లో నిమ్మళంగా కూర్చున్నాడు. ఏమైందని అడిగితే "నాకేం కాలేదు, వీళ్లే లాక్కొచ్చారు" అంటున్నాడు. మాట తెలుస్తూనే ఉంది. కానీ కళ్లు రెండూ కుడివైపుకే తిరిగి ఉన్నాయి. ఎడమ చెయ్యి ఎవరో ఒళ్లో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ముందు లోపలికి పరుగెత్తించాల్సింది ఈయన్నే.

మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో, అంటే స్ట్రోక్‌లో, చాలామందికి ఎక్కడా నొప్పి ఉండదు. పైగా మెదడు కుడి సగం దెబ్బతింటే, తనకు జబ్బు చేసిందన్న సంగతే రోగికి తెలియకపోవచ్చు. ఏ జబ్బుకైనా రోగి చెప్పేది వినడంతోనే వైద్యం మొదలవుతుంది. ఇక్కడ చెప్పుకోవాల్సిన మెదడే పాడయింది కాబట్టి, వినడం కన్నా చూడటం ముఖ్యం.

స్ట్రోక్ వచ్చిందా లేదా అని తేల్చుకోవడంతో ఒకప్పుడు పని అయిపోయేది. మూతి వంకర పోయిందా, చెయ్యి జారుతోందా, మాట ముద్దగా వస్తోందా అని చూసేవాళ్లు. 2015లో వరసగా వెలువడిన అయిదు పరిశోధనలతో ఈ లెక్క మారింది. మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోతే, గజ్జ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేస్తే ఫలితం చాలా బాగుంటుందని తేలింది. దీన్నే థ్రాంబెక్టమీ అంటారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపు ఇవ్వాలి. పెద్ద గడ్డల్ని అది తరచుగా కరిగించలేదు కూడా. అందుకే ఇప్పుడు గుమ్మం దగ్గరే రెండో ప్రశ్న వేసుకోవాలి: మూసుకుపోయింది పెద్ద నాళమా? అలాంటి స్ట్రోక్‌లో నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్ట్ లెక్కగట్టారు.

చెయ్యీ కాలూ పూర్తిగా పడిపోతే అదే పెద్ద స్ట్రోక్ అనుకుంటాం. కానీ అలా ఉండాలని లేదు. చేతికీ కాలికీ వెళ్లే నరాల తీగలన్నీ మెదడు లోతుల్లో ఒక ఇరుకు సందులోంచి కట్టగా వెళతాయి. అక్కడ వెంట్రుకంత నాళం మూసుకుపోయినా ఒక పక్క మొత్తం పడిపోవచ్చు. పెద్ద నాళం దారి వేరు. అది మెదడు పై పొరకు కూడా రక్తం ఇస్తుంది. భాష, చూపు, చుట్టూ ఉన్నదాన్ని గమనించే శక్తి ఆ పొరలోనే ఉంటాయి. అందుకే చేతి బలహీనతకు తోడు వీటిలో ఏదైనా పోయిందా అని వెతుకుతారు.

వ్యాన్ అనే పరీక్ష సరిగ్గా ఇదే చేస్తుంది. రెండు చేతులూ చాచి 10 సెకన్లు ఉంచమంటారు. ఏదీ జారకపోతే పరీక్ష అక్కడితో ఆపేస్తారు. జారితే చూపు, మాట, గమనిక చూస్తారు. పెన్ను చూపించి ఇదేమిటని అడుగుతారు. అడిగింది అర్థంకాక ఏదేదో మాట్లాడేవాణ్ని మత్తులో ఉన్నాడనుకుని పక్కన కూర్చోబెట్టే ప్రమాదం ఇక్కడే ఉంది. తర్వాత రోగిని కళ్లు మూసుకోమని, రెండు చేతుల్నీ విడివిడిగా తాకుతారు. రెండూ తెలిశాయంటాడు. ఒకేసారి తాకితే మాత్రం "కుడిచెయ్యి" అని ఊరుకుంటాడు. ఎడమవైపు ప్రపంచం అతని లెక్కలోంచి జారిపోయింది. దీన్ని నెగ్లెక్ట్ అంటారు.

స్ట్రోక్ తీవ్రతను కొలవడానికి ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే ఎన్‌ఐహెచ్ స్కేల్‌లో మొత్తం 42 మార్కులు. ఎన్ని ఎక్కువొస్తే జబ్బు అంత తీవ్రం. అందులో భాషతో ముడిపడినవి 7 అయితే, నెగ్లెక్ట్‌కి ఇచ్చినవి 2. నాకు ఇది కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది. మన వీల్‌చైర్ ఆయనలాంటి వాళ్లకు, అంటే కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లకు, జబ్బు ఎంత పెద్దదైనా స్కోరు తక్కువగా కనిపించవచ్చు. మెదడు వెనక భాగంలో వచ్చే స్ట్రోక్ ఇంకా మాయలమారి. కళ్లు తిరగడం, వాంతులు, తూలడం తప్ప చెయ్యి జారకపోవచ్చు. రక్తంలో షుగర్ పడిపోయినా ఒక్కోసారి అచ్చం స్ట్రోక్‌లాగే ఉంటుంది, అందుకే ముందు వేలు గుచ్చి చూస్తారు. గడ్డా, రక్తస్రావమా అన్నది మాత్రం స్కాన్ చేస్తేగానీ తెలియదు. గుమ్మం దగ్గర తప్పు జరిగేట్టయితే, అనవసరంగా ఒక స్కాన్ తీయించడమే నయం.

ఇదంతా జరుగుతుండగా నర్సు ఇంటివాళ్లను టైమ్ అడుగుతుంది. వాళ్లు "పొద్దున 6కి లేచేసరికి ఇలా ఉన్నారు" అంటారు. ఆమెకు కావలసింది అది కాదు. ఆఖరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు? ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. రాత్రి పదిన్నరకు లైటు తీసేయమని ఆయనే అన్నాడని ఎవరికో గుర్తొస్తుంది. జబ్బు లెక్క అక్కడి నుంచే. ఇంజెక్షన్ గడువు మామూలు లెక్కన దాటిపోయింది. అయితే 24 గంటల వరకు కూడా, స్కాన్‌లో బతికించుకోదగ్గ మెదడు మిగిలి ఉందని కనిపిస్తే, గడ్డను లాగడం వల్ల మేలుంటుందని 2018లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఆమె కాగితం మీద 10.30 అని రాసి, వీల్‌చైర్‌ను స్కాన్ గదివైపు తిప్పుతుంది. ఆయన ఇంకా "నాకేం కాలేదమ్మా" అంటూనే ఉన్నాడు, కుడివైపు గోడకేసి చూస్తూ.