కొత్త ఆర్ట్ పాప్ గొంతులు: అపోహలు - వాస్తవాలు

యూరప్‌లో ఆర్ట్ పాప్ (పాప్ పాటలోనే ప్రయోగాలు చేసే తరహా) పాడుతూ కొత్తగా వస్తున్న గాయనీగాయకులను, అందులోనూ తమ పాట తామే రాసుకునేవాళ్లను వెతికి ప్లేలిస్టులు కట్టడం నా పని. వినేవాళ్ల నుంచి తరచూ వచ్చే మాటలివి.

అపోహ: పాట బాగుంటే మ్యూజిక్ యాపే చూపిస్తుంది.

వాస్తవం: మీరు ఇప్పటికే విన్నవాటికి దగ్గరగా ఉన్నవే యాప్ ఎక్కువగా చూపిస్తుంది. నార్వే గాయని అరోరా పాట 'రన్‌అవే' వచ్చింది 2015లో, టిక్‌టాక్‌లో వైరల్ అయింది 2021లో. అన్నేళ్లూ పాట అక్కడే ఉంది! కొత్తవాళ్లు కావాలంటే కచేరీలు బుక్ చేసేవాళ్లు చూసే చోటే మీరూ చూడండి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఏటా జనవరిలో యూరోసోనిక్ అనే సంగీతోత్సవం జరుగుతుంది. అలాంటివే జర్మనీలోని హాంబర్గ్‌లో రీపర్‌బాన్, ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్‌లో ఐస్‌లాండ్ ఎయిర్‌వేవ్స్. అక్కడికి వెళ్లక్కర్లేదు. లైనప్‌లో (పాడబోయేవాళ్ల జాబితాలో) పేర్లు తీసుకుని తలా రెండు పాటలు వినండి. చాలావరకు నచ్చవు. నాకూ నచ్చవు.

అపోహ: అట్మాస్ఫియరిక్ పాట (మనల్ని ఒక వాతావరణంలోకి తీసుకెళ్లేది) అంటే గొంతుకు బోలెడంత రివర్బ్ (ప్రతిధ్వని).

వాస్తవం: డెన్మార్క్‌లో పుట్టి బెర్లిన్‌లో స్థిరపడిన ఆగ్నెస్ ఓబెల్ తొలి ఆల్బమ్ 'ఫిల్‌హార్మోనిక్స్' (2010) వినండి. ప్రధానంగా పియానో, గొంతు, కాసిని తీగవాద్యాలు, అంతే. ఏది వాయించకుండా వదిలేశారన్నదే ఆ పాటలకు ఆ వాతావరణం తెచ్చింది. 2016లో వచ్చిన 'సిటిజన్ ఆఫ్ గ్లాస్'లో ఆవిడ ట్రౌటోనియం కూడా వాడారు. అది 1930 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన ఎలక్ట్రానిక్ వాద్యం. అదే ఆల్బమ్‌లోని 'ఫెమిలియర్'లో మగగొంతు వినిపిస్తుంది చూడండి, అదీ ఆవిడదే. పిచ్ దించారు.

పాట నచ్చగానే "మ్యూజిక్ ఎవరు?" అని అడగడం మనకు సినిమా పాటలు నేర్పిన అలవాటు. ఈ తరహా పాటల్లో చాలాసార్లు జవాబు గాయనే. అయినా ఆ అలవాటు మానకండి. క్రెడిట్స్‌లో చెల్లో ఎవరిది, మిక్సింగ్ ఎవరిది అని చూసి, వాళ్లు పనిచేసిన మిగతా ఆల్బమ్‌లు వినండి. నాకు యాప్ కంటే ఈ దారిలోనే ఎక్కువమంది దొరికారు.

అపోహ: భాష రాకపోతే ఎక్కదు.

వాస్తవం: పైన చెప్పిన ఇద్దరూ ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే పాడతారు.

అపోహ: యాప్‌లో వింటే చాలు, ఆర్టిస్టుకు డబ్బు చేరుతుంది.

వాస్తవం: 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాకపోతే రికార్డింగ్ రాయల్టీ రాదు. ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు అదే పెద్ద గోడ. నచ్చితే, ఆర్టిస్టులు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో కొనండి. డిజిటల్ అమ్మకాల్లో సైట్ వాటా మామూలుగా 15 శాతం, పేమెంట్ ఖర్చులు వేరే. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన శుక్రవారాల్లో ఆ 15 శాతం కూడా తీసుకోరు.