మాల వేసుకున్నప్పుడు ఎలా మానారండీ? పొగ మానడంపై అపోహలు - వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల ఆశా కార్యకర్తలకి, ఏఎన్ఎంలకి పొగాకు మాన్పించడం మీద శిక్షణ ఇస్తుంటాను. ఏ బ్యాచ్ అయినా సరే, టీ ఇచ్చేలోపు ఎవరో ఒకరు లేచి ఇదే అడుగుతారు: "ఇరవై ఏళ్ళుగా కాల్చేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే గుండె ఆగిపోతుందంట కదండీ?"

ఊళ్ళో జనం అడిగితే అర్థం చేసుకోవచ్చు. వాళ్ళకి చెప్పాల్సినవాళ్ళే అడిగితే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ భయంతోనే వీళ్ళు ఎన్‌సీడీ సర్వేలో (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల సర్వే) పొగాకు గడికి టిక్కు పెట్టి, "మెల్లమెల్లగా తగ్గించుకో బాబాయ్" అని లేచి వచ్చేస్తారు. బాబాయ్‌కి కావలసిందీ అదే.

అపోహ: ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుంది.

వాస్తవం: రాదు. మందుకీ పొగకీ ముడిపెట్టడంతో వచ్చిన తంటా ఇది. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మందు ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు. అది డాక్టరు సలహాతోనే ఆపాలి. పొగాకులో ఉండే నికోటిన్ అలా కాదు. చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి, మలబద్ధకం, కొందరికి కొన్నాళ్ళు దగ్గు ఎక్కువ కావడం ఉంటాయి. మొదటి 2, 3 రోజులు గట్టిగా ఉండి, 2 నుంచి 4 వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఆస్తమాకి థియోఫిలిన్, మానసిక జబ్బుకి క్లోజపిన్ లాంటివి వాడేవాళ్ళు మాత్రం డాక్టరుకి చెప్పి మానాలి. పొగ ఆగితే ఆ మందుల డోసు మార్చాల్సి రావచ్చు.

పోయిన బ్యాచ్‌లో పాఠం ఆపేసి, "మీ ఇంట్లో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళుంటే చేతులెత్తండి" అన్నాను. సగానికి పైగా లేచాయి. "వాళ్ళలో సిగరెట్టో బీడీయో కాల్చేవాళ్ళు?" కొన్ని దిగాయి. "మాలకి ముందు రోజుకొకటి తగ్గించుకుంటూ వచ్చారా?"

వెనక వరసలో ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేదండి. ముందు రాత్రి పెట్టె మొత్తం ఊదేశారు. తెల్లారి తలస్నానం చేసి ఆపేశారు."

"ఏమన్నా అయిందా?"

"ఏమవుద్దండీ! వారం రోజులు ఇంట్లో అందరి మీదా అరిచారు. అదీ స్వామిగా ఉండి."

ఒంటికి పట్టే యాతన ఆ 41 రోజుల్లోనే తీరిపోతుంది. (దొంగచాటుగా కాల్చే స్వాముల సంగతి వదిలేయండి.) మాల తీశాక మళ్ళీ అంటించేది అలవాటుతోనూ, కిళ్ళీకొట్టు దగ్గర స్నేహితుడు చాపే పెట్టెతోనూ.

"మా మావయ్య చుట్ట మానిన ఆరు నెలలకే పోయాడండీ" అంటారు. ఆయన ఎందుకు మానాడో అడగండి. ఆయాసం వచ్చో, గొంతులో గడ్డ తేలో మాని ఉంటాడు. జబ్బు ముందొచ్చింది, మానడం తర్వాత.

తగ్గించమనే సలహా నేనూ ఇచ్చాను. నర్సుగా చేరిన కొత్తలో మా నాన్నగారికి "సగం చెయ్యండి" అని గొప్పగా చెప్పాను. ఆయన కత్తెరతో లంక చుట్టని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కా వేళ్ళు కాలేదాకా పీల్చేవారు. సాయంత్రానికి లెక్క చూస్తే అన్నే చుట్టలు. ఫలానా తేదీకి సున్నా అని రాసుకుని తగ్గిస్తే పరవాలేదు. తేదీ లేకపోతే ఇంతే.

అపోహ: నికోటిన్ గమ్ పనిచెయ్యదు.

వాస్తవం: నమిలే పద్ధతి ఎవరూ చెప్పరు. ఒకాయన మామూలు చూయింగ్ గమ్‌లా పరపరా నమిలి, రాత్రంతా ఎక్కిళ్ళతో కూర్చుని, పొద్దున్నే స్ట్రిప్పు మురుగు కాలవలో పారేశాడు. నెమ్మదిగా నమలాలి. నోరు చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, టీ వద్దు.

మిగతావి గబగబా. చుట్ట ఆకే కదా అంటే, ఆ పొగలోనూ క్యాన్సర్ కారకాలే. లోపలికి పీల్చకపోయినా నోటికి ముప్పే. ఈ-సిగరెట్లు 2019 నుంచీ దేశంలో నిషేధం, ఇక చర్చ లేదు. "ఈ వయసులో మానితే ఏం లాభం" అనే పెద్దాయనకి చెప్పండి: మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. "చుట్ట కాల్చకపోతే దొడ్డికి రాదమ్మాయ్" అంటే నవ్వకండి, అది ఆయనకి నిజంగానే బాధ. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, రాత్రి రెండు అరటిపళ్ళు, కొన్నాళ్ళ ఓపిక. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్‌కి ఫోన్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నవ్విన ఆవిడ తన ఊళ్ళో స్వాముల పేర్లు రిజిస్టర్ చివరి పేజీలో రాసుకుంది. పక్కన మాల తీసే తేదీలు. ఒక్కొక్కరి ఇంటికీ వారం ముందే వెళ్ళి, "తీసిన రోజు సాయంత్రం ఎక్కడుంటారు స్వామీ?" అని అడిగొచ్చింది. మొత్తం ఐదుగురు. ముగ్గురు మళ్ళీ మొదలుపెట్టారు. ఇద్దరు ఇంకా అంటించలేదు, అందులో ఒకరు వాళ్ళాయన. అరవడం మాత్రం తగ్గలేదంట.