వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయా?

"వెన్నులోంచి నీరు తీయాలి" అని డాక్టర్ అనగానే ఇంట్లోవాళ్లకు వచ్చే మొదటి టెన్షన్ ఇదే. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది వేసేది ఇంకా కిందికి, మూడు నాలుగు పూసల సందులో. అక్కడ నీళ్లలో నరాల పోగులే తేలుతుంటాయి. సూది తగిలితే చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. ఒక్కోసారి కాలు జివ్వుమంటుంది. అప్పుడు కదలకుండా చెబితే చాలు, డాక్టర్ సూదిని సర్దుతారు. కాళ్లు పడిపోవడం చాలా అరుదు.

జాగ్రత్త పడాల్సింది ఒత్తిడి విషయంలో. మెదడు లోపల, చుట్టూ, వెన్నులో కలిపి ఉండే నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది, అంతే రక్తంలోకి ఇంకిపోతుంది. ఆ లెక్క తప్పితే మెదడులోని గదులు ఉబ్బుతాయి. తలలో నీరు చేరింది అంటామే, ఆ హైడ్రోకెఫలస్ ఇదే.

ఏదైనా గడ్డ ఆ గదుల మధ్య దారికి అడ్డుపడిందనుకోండి. పైన ఒత్తిడి అలాగే ఉండగా కింద వెన్నులోంచి నీరు తీస్తే మెదడు కిందికి జారి, ఊపిరిని నడిపే భాగం పుర్రె అడుగు రంధ్రంలో నొక్కుకుపోతుంది. ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు స్కానింగ్ తీస్తారు. దయచేసి ఆ స్కానింగ్‌ను అనవసర ఖర్చు అనుకోకండి.

దారి తెరిచే ఉన్నవాళ్ల సంగతి వేరు. 1957లో కొలంబియా రాజధాని బొగోటాలో సలొమోన్ హకీమ్ అనే న్యూరోసర్జన్ దగ్గరికి పదహారేళ్ల కుర్రాడు వచ్చాడు. కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, మాటాపలుకూ లేకుండా పడి ఉన్నాడు. గదులు ఉబ్బాయి, ఒత్తిడి చూస్తే మామూలుగానే ఉంది. పరీక్షకని 15 మిల్లీలీటర్లు తీస్తే అబ్బాయి మాట్లాడాడు! ఇప్పుడు పెద్ద వయసులో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేక, మతిమరుపుతో బాధపడేవాళ్లకు షంట్ (తలలో ఎక్కువైన నీటిని ఒంట్లో మరోచోటికి మళ్లించేలా లోపల అమర్చే సన్నని గొట్టం) పనికొస్తుందో లేదో తేల్చడానికి 30 నుంచి 50 మిల్లీలీటర్లు తీసి చూస్తారు. అంత నీరు రెండు మూడు గంటల్లో మళ్లీ ఊరుతుంది.

తర్వాత కొందరికి తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. సన్నని, మొన మొద్దుగా ఉండే సూది వాడితే ఇది తక్కువ. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, లేకపోతే వెన్నులో రక్తం గడ్డకట్టవచ్చు.

నీరు కొద్దికొద్దిగా తీయడానికి వెన్నులో కొన్ని రోజులపాటు ట్యూబు ఉంచితే ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. దానికి తోడు, ఆ నీరు చేరేలా మంచం పక్కన వేలాడే సంచి ఎత్తు కూడా ముఖ్యమే. గంటకు 10 మిల్లీలీటర్ల లోపే రావాలని ఆ ఎత్తు పెడతారు. ట్యూబు మూయకుండా రోగిని లేపి కూర్చోబెట్టామా, నీరు ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. మెదడు కుంచించుకుని, పుర్రెకు కలిపే సన్నని సిరలు తెగి రక్తస్రావం కావచ్చు. కాబట్టి నర్సును పిలవకుండా మంచాన్ని ఎత్తవద్దు, దించవద్దు. మగత, వాంతులు, జ్వరం, మెడ బిగుసుకోవడం ఏది కనిపించినా వెంటనే చెప్పాలి.

ఇంకో పని మీ చేతుల్లోనే ఉంది. నీరు తీయకముందు రోగి నడకను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. తీశాక వచ్చే మార్పు కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో మాత్రమే ఉండొచ్చు. షంట్ వేయాలా వద్దా అని తేల్చేటప్పుడు డాక్టర్ మొదట అడిగేది ఆ నడక గురించే.