ఆపరేషన్‌కు ముందు గుండె పరీక్షలు: అఫ్జల్‌గంజ్ నుంచి ట్రోపోనిన్ దాకా

మోకాలి మార్పిడి కావచ్చు, గర్భసంచి తీయడం కావచ్చు, హెర్నియా కావచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఇంట్లోవాళ్ల చేతిలో ఒక చీటీ పెడతారు. ఈసీజీ, టూడీ ఎకో తీయించి, గుండె డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ రాయించుకు రమ్మంటారు. ఆ కాగితం మీద సంతకం పడితే సగం టెన్షన్ తీరుతుంది. థియేటర్ తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చి 'అంతా బాగానే జరిగింది' అనగానే మిగతా సగమూ పోతుంది. కానీ గుండెకు సంబంధించినంత వరకూ గడ్డుకాలం చాలామందిలో అప్పుడే మొదలవుతుంది. ఈ సంగతి వైద్యులకు రుజువులతో సహా తెలియడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ప్రయాణంలో ఒక పెద్ద మజిలీ మన హైదరాబాద్.

మత్తు ఇవ్వడం మొదలైన కొత్తల్లోనే గుండె భయమూ మొదలైంది. ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం వాడకాన్ని ప్రకటించింది 1847 నవంబరులో. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర వింలాటన్‌లో హనా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకుంటూ ప్రాణాలు వదిలింది. ఒక బట్ట మీద క్లోరోఫారం పోసి ముక్కు దగ్గర పట్టారు. కొన్ని నిమిషాల్లోనే అంతా అయిపోయింది. అది ప్రాణం తీసే జబ్బు కాదు, ఆ ఆపరేషనూ పెద్దది కాదు. అందుకే ఆ చావు అందరినీ కుదిపేసింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

లండన్‌లో జాన్ స్నో ఆ ప్రశ్న పట్టుకుని పదేళ్లు పనిచేశారు. విక్టోరియా మహారాణి కాన్పుకు 1853లో క్లోరోఫారం ఇచ్చిన వైద్యుడు ఆయనే. క్లోరోఫారం వల్ల జరిగిన చావుల వివరాలు ఒక్కొక్కటీ సేకరించి, ఆవిరి మరీ చిక్కగా లోపలికి పోతే గుండె నేరుగా దెబ్బతింటుందని తేల్చారు. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మార్గం వేరు. రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదని ఆయన శిష్యులకు నూరిపోశారు.

ఆ శిష్యుల్లో ఎడ్వర్డ్ లారీ ఒకరు. ఆయన హైదరాబాద్ రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్‌గా వచ్చి, ఇక్కడి మెడికల్ స్కూలు బాధ్యతలు చూశారు. క్లోరోఫారం గుండెను నేరుగా చంపదు, ఊపిరి మీద కన్నేసి ఉంచితే చావు రానే రాదు అన్నది ఆయన గట్టి నమ్మకం. తన చేతిలో ఒక్కరూ పోలేదని కూడా చెప్పుకునేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమంది. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌన్లు ఇస్తాం, మీ మనిషినే పంపండి అన్నారు. ఒక సంస్థానాధీశుడు తన రాజ్యంలో తేలిన వైద్య ఫలితాన్ని మళ్లీ పరీక్షించుకోవడానికి సొంత ఖర్చుతో ప్రత్యర్థినే పిలిపించడం ఆ కాలంలో మామూలు విషయం కాదు. మన చరిత్ర పాఠాల్లో దీనికి చోటు దొరక్కపోవడం బాధగా ఉంటుంది.

1889లో వచ్చిన మనిషి లాడర్ బ్రంటన్, పేరున్న ఔషధ శాస్త్రవేత్త. ఇక్కడ దిగేటప్పటికి ఆయనది లారీకి ఎదుటి పక్షం. క్లోరోఫారం గుండెను దెబ్బతీస్తుందనే అనుకునేవారు. వారాల తరబడి కుక్కలకు, కోతులకు, మేకలకు, గుర్రాలకు క్లోరోఫారం ఇస్తూ రక్తపోటు గీతలు రికార్డు చేశారు, ఆ గీతలన్నిటికీ ఫొటోలు తీయించారు. చివరికి ఆయనే మనసు మార్చుకున్నారు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లో, మోతాదు మించడం వల్లో తప్ప గుండె మీద నేరుగా ఏమీ లేదని లండన్‌కు తంతి పంపారు. లారీ విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యం నేర్చుకున్నది ఈ వాతావరణంలోనే. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను ఇవాళ గుర్తిస్తున్నారు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద దెబ్బతీసింది. దాని వారసత్వం ఉస్మానియా ఆసుపత్రికి వచ్చింది.

కమిషన్ పని శ్రద్ధగా జరిగింది, కానీ తేల్చింది తప్పు. అదే 1889లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం మనుషుల్లో హఠాన్మరణానికి గుండె కింది గదులు లయ తప్పి గిలగిల కొట్టుకోవడం కారణం కావచ్చని రాశారు. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి గుట్టు విప్పారు. క్లోరోఫారం పూర్తిగా ఎక్కిన జంతువు కంటే, సగం మత్తులో ఉన్న జంతువుకే ప్రమాదం ఎక్కువ. ఆ సగం మత్తులో అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తే గుండె లయ ఒక్కసారిగా చెదిరిపోతుంది. భయం, నొప్పి, పెనుగులాట, ఇవన్నీ అడ్రినలిన్‌ను పెంచేవే. హైదరాబాద్‌లో వెతికింది మోతాదు ఎక్కువైతే ఏమవుతుందని. మనుషుల్లో చాలా చావులు మోతాదు చాలని, భయం పోని తొలి నిమిషాల్లో జరిగాయి.

ఇక్కడినుంచి కొన్ని దశాబ్దాలు త్వరగా దాటేయవచ్చు. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ ఆపరేషన్ మధ్యలో ఆగిన పద్నాలుగేళ్ల కుర్రాడి గుండెను కరెంటు షాకుతో మళ్లీ దారిలో పెట్టారు. క్లోరోఫారం మూలపడింది. ఈసీజీ మానిటర్లు, ఆక్సిజన్ చూపే వేలి క్లిప్పులు థియేటర్‌లోకి వచ్చాయి. మత్తు డాక్టరు ఇవాళ ప్రతి కొట్టుకునే చప్పుడూ వింటూ ఉంటారు. బల్ల మీద పోయేవాళ్లు బాగా తగ్గిపోయారు.

అప్పుడు ఇంకో లెక్క బయటపడింది. 1972లో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు, గుండెపోటు వచ్చిన మూడు నెలల్లోపు వేరే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 37 శాతం మందికి మళ్లీ గుండెపోటు వచ్చిందని రాశారు. ఆరు నెలలు దాటాక చేయించుకుంటే అది 5 శాతం దగ్గరకు తగ్గింది. తర్వాతి కాలంలో వైద్యం మెరుగై ఈ అంకెలు చాలా దిగొచ్చాయి. అయినా అర్జెంటు కాని ఆపరేషన్‌ను గుండెపోటు తర్వాత కనీసం రెండు నెలలు ఆపమనడానికి మూలం ఈ తరహా లెక్కలే.

1977లో లీ గోల్డ్‌మన్ బృందం బోస్టన్‌లో 1,001 మంది రోగులను పరిశీలించి, ప్రమాదాన్ని మార్కుల్లోకి మార్చింది. తొమ్మిది అంశాలు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు, అంటే 11, దేనికిచ్చారో చూడండి: మెడ దగ్గర సిర ఉబ్బి కనిపించడం, లేదా స్టెతస్కోపులో గుండె మూడో చప్పుడు వినిపించడం. రోగిని కాస్త ఏటవాలుగా పడుకోబెట్టి, మెడ పక్కకు తిప్పి, మంచి వెలుతురులో చూస్తే చాలు. గుండె నీరసించి నీళ్లు పడుతున్న సంగతి అక్కడే తెలుస్తుంది, పైసా ఖర్చు లేకుండా. 1999లో దీన్ని సరళం చేసి ఆరు అంశాలకు కుదించారు: పెద్ద ఆపరేషనా, గుండె రక్తనాళాల జబ్బు ఉందా, గుండె వైఫల్యం ఉందా, పక్షవాతం వచ్చిందా, షుగర్‌కు ఇన్సులిన్ వాడుతున్నారా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2 దాటిందా. ఈ రెండు పట్టికల్లోనూ ఎకో లేదు. ఇబ్బందేమీ లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగే మనిషికి, చిన్న ఆపరేషన్ ముందు అలవాటుగా ఎకో తీయించమని పెద్ద మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. ఆయాసం ఉన్నా, గుండెలో మర్మర్ (అదనపు చప్పుడు) వినిపించినా, వాల్వు జబ్బు అనుమానం ఉన్నా ఎకో తప్పనిసరే. తుంటి ఎముక విరిగిన ముసలమ్మను ఎకో అపాయింట్‌మెంట్ కోసమే రోజుల తరబడి మంచంలో ఉంచడం మాత్రం ఆమెకు చేటు.

పట్టికలు ప్రమాదాన్ని అంచనా వేశాయి. దాన్ని తగ్గించే మందు కోసం వెతుకులాట మొదలైంది. ఇక్కడ వైద్యరంగం ఇంకోసారి దెబ్బతింది, ఈసారి హైదరాబాద్ కమిషన్ కంటే ఘోరంగా.

ఆలోచన సబబుగానే కనిపించింది. ఆపరేషన్ ఒత్తిడికి గుండె వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే దానికి ఆక్సిజన్ చాలదు, కాబట్టి బీటా బ్లాకర్ బిళ్లలతో వేగం తగ్గిద్దాం. 1996లో 200 మంది మీద అటెనలాల్‌తో, 1999లో నెదర్లాండ్స్‌లో 112 మంది మీద బిసోప్రొలాల్‌తో చేసిన ప్రయోగాలు మంచి ఫలితాలు చూపాయి. రెండోదాంట్లో గుండెపోట్లు, గుండె మరణాలు కలిపి 34 శాతం నుంచి 3.4 శాతానికి పడిపోయాయన్నారు. ఇంత చిన్న ప్రయోగంలో ఇంత పెద్ద లాభం కనిపిస్తే అనుమానించాలి. ఎక్కువమంది సంతోషించారు. అవి మార్గదర్శకాల్లోకి ఎక్కాయి, ప్రపంచమంతా ఆపరేషన్ ముందు ఆ బిళ్లలు రాశారు.

2008లో పాయిస్ అధ్యయనం వచ్చింది. 23 దేశాలు, 190 ఆసుపత్రులు, 8,351 మంది రోగులు. మన దేశపు ఆసుపత్రులూ పాల్గొన్నాయి. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు మెటొప్రొలాల్ అనే బీటా బ్లాకర్ మొదలుపెట్టారు. గుండెపోట్లు నిజంగానే తగ్గాయి. కానీ బీపీ పడిపోయి పక్షవాతాలు, చావులు పెరిగాయి. వెయ్యి మందికి ఈ మందు ఇస్తే 15 గుండెపోట్లు ఆగుతాయి, దానికి బదులు 8 మంది అదనంగా చనిపోతారు, 5 మందికి అదనంగా పక్షవాతం వస్తుంది. గుండెను కాపాడబోయి మనిషిని పోగొట్టుకోవడం అన్నమాట. 2011లో ఆ నెదర్లాండ్స్ ప్రయోగాల నాయకుడు డాన్ పోల్డర్‌మాన్స్‌ను రాటర్‌డామ్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రం పరిశోధనా నియమాల ఉల్లంఘన కారణంగా తొలగించింది. తప్పులు జరిగాయి కానీ కావాలని చేయలేదని ఆయన అన్నారు. ఆయన బృందం ప్రయోగాలను పక్కనపెట్టి మిగతావాటిని కలిపి చూస్తే, ఆపరేషన్ ముందు కొత్తగా బీటా బ్లాకర్ మొదలుపెట్టడం వల్ల మరణాలు 27 శాతం పెరిగినట్టు తేలింది. ఆ మధ్యకాలంలో మంచి జరుగుతుందనే నమ్మకంతో బిళ్ల మింగి థియేటర్‌లోకి వెళ్లినవాళ్ల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కుదుటపడదు. ఇవాళ నియమం ఇది: ఎప్పటినుంచో వాడుతున్నవాళ్లు ఆపకూడదు, వాడనివాళ్లకు ఆపరేషన్ రోజున మొదలుపెట్టకూడదు.

ముందుగా స్టెంట్లు వేసేస్తే సరిపోతుందన్న ఆలోచనకూ ఇదే గతి పట్టింది. 2004లో అమెరికాలో 510 మంది మీద చేసిన అధ్యయనంలో, పెద్ద రక్తనాళాల ఆపరేషన్ ముందు స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లూ చేయించుకోనివాళ్లూ ఒకేలా బతికారు. పైగా కొత్త స్టెంట్ పడిన వారాల్లోనే వేరే ఆపరేషన్ చేస్తే, రక్తం పలచబడే మందులు ఆపినప్పుడు స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుందని 2000 నాటికే తెలిసింది. 'రెండు రోజులు ఆ బిళ్లలు ఆపేయండి' అని పళ్ల డాక్టరో కంటి డాక్టరో అంటే, గుండె డాక్టరును అడక్కుండా ఆపవద్దని చెప్పేది అందుకే.

అసలు మలుపు ఒక రక్తపరీక్షతో వచ్చింది. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది. విజన్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో 45 ఏళ్లు దాటిన రోగులకు ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజులూ వరసగా ట్రోపోనిన్ చూశారు. 15 వేల మందికి పైగా రోగుల లెక్కలతో 2014లో ఫలితాలు ప్రకటించారు. ప్రతి వందమందిలో 8 మంది గుండె ఎంతో కొంత దెబ్బతింది. వాళ్లలో 84 శాతం మందికి ఛాతీ నొప్పి గానీ, ఆయాసం గానీ, గుండెకు సంబంధించిన ఏ లక్షణం గానీ లేవు. అయినా నెల తిరిగేసరికి వాళ్లలో దాదాపు 10 శాతం మంది చనిపోయారు. గుండె దెబ్బతిననివాళ్లలో ఇది 1.1 శాతం.

నొప్పి ఎందుకు తెలియదో వార్డులో చూస్తే అర్థమవుతుంది. ఆపరేషన్ అయి రెండో రోజు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు పడుతున్నాయి. రోగి మగతగా ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు నరాలే మొద్దుబారి ఉంటాయి. కుట్ల నొప్పిలో ఛాతీ నొప్పి కలిసిపోతుంది. నాడి 110 ఉంటే జ్వరమో నీరసమో అనుకుంటారు. 'రాత్రంతా నిద్రపోలేదు, ఇప్పుడు కాస్త కునుకు పట్టింది, లేపకండి' అంటారు బంధువులు. లోపల మాత్రం రక్తం గడ్డకట్టే స్వభావం పెరిగి ఉంటుంది, పోయిన రక్తం వల్ల హిమోగ్లోబిన్ తగ్గి ఉంటుంది, బీపీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. గుండెకు కావలసింది పెరిగి అందేది తగ్గే రోజులు ఇవే.

2019లో అదే విజన్ బృందం 40,004 మంది లెక్కలు ప్రకటించింది. నెలలోపు 715 మంది చనిపోయారు. వాళ్లలో థియేటర్‌లో పోయినవాళ్లు ఐదుగురు. ఐదువందల మంది తర్వాత వార్డుల్లో, ఐసీయూల్లో పోయారు. మిగతా 210 మంది డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక పోయారు.

ఈ అంకెలు చూశాక దేశాలు ఒక్కతీరున స్పందించలేదు. కెనడా 2017లో ముప్పు ఉన్న రోగులకు ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు రోజూ ట్రోపోనిన్ చూడమంది. ఐరోపా 2022లో దాదాపు అదే దారి పట్టింది. అమెరికా 2024లో చూస్తే చూడవచ్చు అన్నంతవరకే వచ్చింది. దెబ్బ కనిపించాక ఏ వైద్యం ఎంత మేలు చేస్తుందన్న విషయంలో రుజువులు ఇంకా పలుచగా ఉండటమే కారణం. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఇవ్వడం, నాడినీ బీపీనీ రక్తహీనతనూ దగ్గరుండి సరిదిద్దడం, డిశ్చార్జి అయ్యాక గుండె డాక్టరుకు చూపించడం ఇప్పటికి చేయగలిగినవి. మన దగ్గర ఆపరేషన్ ముందు చేయించే పరీక్షల్లో చాలాభాగం ఖరీదైనవి. ఆ తర్వాత మూడు రోజులకు కావలసినవి చాలావరకు చవకైనవి: నాలుగు గంటలకోసారి నాడి, బీపీ, మూత్రం లెక్క, హిమోగ్లోబిన్, ముప్పున్నవాళ్లకు ట్రోపోనిన్. రాత్రి వార్డులో ముప్పై మంచాలకు ఒక్క నర్సు ఉన్నచోట ఇవి ఎవరు చూస్తారన్నది ఫిట్‌నెస్ చీటీ రాసే గదిలో తేలే విషయం కాదు. నర్సు పోస్టులు మంజూరు చేసే గదిలో తేలాలి.