చేప మేతలోకి నత్త

పిల్లలూ,

చెరువుల్లో పెంచే చేపలకు ఏం పెడతారని అడిగారు కదా. చెబితే నవ్వుతారు, ఆ మేతలో చేపే ఉంటుంది! సముద్రంలో ఆంకోవీల వంటి చిన్న చేపల్ని పట్టి, ఉడికించి, నూనె పిండేసి, ఎండబెట్టి పొడి చేసి కలుపుతారు. ఆ పొడి ఖరీదెక్కువ. పైగా సముద్రం అడిగినంతా ఇవ్వదు. అందుకే మాంసకృత్తులున్న వేరే సరుకుల కోసం వెతికినవాళ్ల కళ్లు మంచినీటి నత్తల మీద పడ్డాయి.

చేపలు నత్తల్ని తినడం కొత్తేమీ కాదు. బ్లాక్ కార్ప్ అనే చేపకు గొంతులో గట్టి పళ్లుంటాయి, గుల్లను పటపటా నలిపేస్తుంది. అన్ని చేపలకూ ఆ వీలు లేదు కాబట్టి మనమే గుల్ల తీసి, మాంసం ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి తవుడు, సోయా పిండిలో కలపాలి. ఎండిన నత్త మాంసంలో దాదాపు సగం మాంసకృత్తులే. బద్ధకించి గుల్లతో సహా దంచితే మేత బరువు పెరుగుతుంది కానీ బలం పెరగదు. గుల్లంటే దాదాపు సున్నమే మరి.

ఉడికించడం మాత్రం మానకూడదు. నత్తలు పరాన్నజీవుల్ని మోస్తాయి. వాటిలో ఒకటి మనిషిలో చేరితే మెదడు పొరలు వాచే ప్రమాదముంది. మురుగునీటి నత్తలైతే అసలు వద్దు. వాటి ఒంట్లో చేరిన లోహాలు ఉడికించినా పోవు.

ఇక నన్ను తికమక పెట్టేది లెక్క. పచ్చి మాంసంలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే! కిలో పొడికి ఐదు కిలోల మాంసం కావాలి, గుల్లలతో తూస్తే ఇంకా ఎక్కువ. బంగ్లాదేశ్‌లో మంచినీటి రొయ్యల మేతకని స్థానిక నత్తల్ని తెగ ఏరేయడంతో అవి తగ్గిపోయాయి. అలాంటి చోట ఇది మంచి పని అని నేననను.

గోల్డెన్ ఆపిల్ నత్త సంగతి వేరు. దక్షిణ అమెరికాకు చెందిన దీన్ని 1980 ప్రాంతంలో తినడానికని ఆసియాకు తెచ్చారు. రుచి నచ్చక వదిలేస్తే పొలాల్లో చేరి లేత వరి మొక్కల్ని కొరికేస్తోంది. దాన్ని ఏరి చేపలకు పెడితే పైరూ బతుకుతుంది, మేతా దొరుకుతుంది. మేత కోసమని కొత్త చోట పెంచారో, మళ్లీ మొదటికే!

నీళ్లకు పైన, కాడల మీద గులాబీ రంగు గుడ్ల గుత్తులు కనిపిస్తే అవి దానివే అయ్యుండొచ్చు. ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోకండి, వాటిలో విషముంటుంది.

మీ తాతయ్య