‘దిద్దుబాటు’ రెండోసారి చదవండి

చిరంజీవులకు ఆశీస్సులు.

కథల్లో ఐరనీ అంటే వెటకారమేనా అని అడిగారు. కాదు. వెటకారం మాట్లాడే మనిషి గొంతులో ఉంటుంది, ఐరనీ కథ కట్టుబడిలోనే ఉంటుంది. పైకి కనిపించేది ఒకటి, అసలు సంగతి ఇంకొకటి కావడమే ఐరనీ. వ్యంగ్యం అందామంటే ధ్వని, అంటే మాట వెనక సూచనగా తోచే అర్థం కూడా వచ్చి కలుస్తుంది. అందుకే ఇంగ్లీషు మాటే ఉంచుతున్నాను.

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) తీసుకోండి. చదవకపోతే ఉత్తరం ఇక్కడే ఆపి, అది చదివి రండి. నాలుగైదు పేజీలే.

గోపాల్రావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. మంచం మీద భార్య కమలిని ఉండదు. సానిమేళాలు కూడదనే యాంటీ-నాచ్ పక్షం మనిషే అక్కడికి వెళ్లడం పైకి కనిపించే ఐరనీ. అది ఎవరైనా పట్టుకుంటారు. ఇంకా పదునైనది ఆమె వదిలిన ఉత్తరంలో ఉంది. మీటింగులని చెప్పి ఆయన వెళ్తున్నాడు. తాను ఇంట్లో ఉండబట్టే రోజూ అబద్ధమాడాల్సి వస్తోందట, ఆ బాధ తప్పించడానికి పుట్టింటికి పోతోందట! తిట్టు ఒక్కటీ లేదు. సంబోధన మాత్రం ‘ప్రియా’ నుంచి ‘అయ్యా’కు దిగింది, గోపాల్రావుకు గుచ్చుకున్నదీ అదే. మధ్యలో వీశెగుద్దులు తిన్నది నౌకరు రాముడు. తప్పు ఒకరిది, వీపు ఇంకొకరిది.

తర్వాత ఆయన పశ్చాత్తాపపడి, ఆమెను తీసుకురమ్మని రాముడికి చెప్పి, అక్కడ ఏం మాట్లాడాలో నేర్పుతాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు!

ఇప్పుడు రెండోసారి చదవండి. ఈసారి ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి, ప్రతి ఘట్టంలోనూ గోపాల్రావుకు ఏం తెలుసు, కమలినికి ఏం తెలుసు, పాఠకుడికి ఏం తెలుసు అని రాయండి. మొదటి చదువులో మనమూ ఆయనలాగే మోసపోయాం. రెండోసారికి ఆయన పలికే ప్రతి మాటా ఆమె వింటున్నట్టే ఉంటుంది. చాటున చెప్పుకున్న మాట నేరుగా భార్య చెవిన పడుతోంది. ఎదురుగా ఉందని తెలిస్తే అంత నిజం చెప్పేవాడా?

మీరు రాసేటప్పుడు చెడేది ఎక్కువగా ఇక్కడే. నవ్వు నాలుగు వాక్యాలు ముందు వినిపిస్తే ఆయన నోరు మూసుకుంటాడు, పశ్చాత్తాపం సగంలో ఆగిపోతుంది. ఆమె నిజంగానే ప్రయాణం కట్టి, రైలు తప్పి వెనక్కి వచ్చిందంటే అది కాకతాళీయం. దాక్కోవడం ఆమె ఎంపిక, అందుకే గెలుపూ ఆమెదే. ఇంకొకటి, తప్పు చేసినవాణ్ణి చివర్లో చంపేయడం. చచ్చినవాడు సిగ్గుపడలేడు కదా.

గురజాడ నవ్వు వినిపించి ఊరుకున్నాడు. గోపాల్రావు బుద్ధి తెచ్చుకున్నాడని ఆ తర్వాత వివరించలేదు. మీ కథలో చివరి పేరా అలాంటి వివరణే అయితే, అది కొట్టేశాకే నాకు పంపండి.

మీ
తాతయ్య